షాఫ్టుకు కట్టిన తాడు

ఫిబ్రవరి 8, గురువారం

ఈయన నాయుడుపేట వెళ్ళారు. వాళ్ళ చెల్లెలి పొలం సర్వే. రేపు రాత్రికి గానీ రారు. కారు తాళం చెవి ఎప్పటిలాగే దేవుడి గూట్లో, మా మామగారి ఫొటో పక్కన పెట్టి వెళ్ళారు.

నేను చూడనట్టే ఉన్నాను.

ఫిబ్రవరి 9, శుక్రవారం

ఏమీ జరగలేదు. కారు షెడ్డులోనే ఉంది. కవరు కప్పాను. చక్రాలు కడిగాను.

ఫిబ్రవరి 10, శనివారం

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను చక్రాలు కడిగాను. ఒక్కొక్క చక్రానికి రెండేసి బకెట్లు. అయినా కొబ్బరిపీచు పట్టి తోముతుంటే సందుల్లోంచి ఇసుక రాలుతూనే ఉంది.

ఇక్కడైనా రాయకపోతే ఊపిరాడేట్టు లేదు. విత్తనాల కంపెనీ వాళ్ళు ఊరికే ఇచ్చిన డైరీ ఇది. ఈయన దీన్ని తెరవరు.

నిన్న పొద్దున్నే కారు తీశాను. మామగారి అంబాసిడర్. అరవై ఎనిమిది మోడల్. ఈ ఇంట్లో మనుషులకు జ్వరం వస్తే మాత్ర, కారుకు జలుబు చేస్తే డాక్టరు. ఇరవై ఆరేళ్ళుగా నేను ఎడమ సీట్లోనే కూర్చున్నాను. పెళ్ళికి ముందు మా అన్న జీపు నాయుడుపేట బజారంతా తిప్పినదాన్నని ఈయనకు తెలుసు. కొత్తలో ఒకసారి అడిగాను. "నాయన కారు ఆడోళ్ళ చేతికిచ్చేదా?" అని నవ్వారు. ఆ నవ్వు తర్వాత మళ్ళీ అడగలేదు.

తాళం తిప్పగానే స్టార్టయింది. స్టీరింగు పక్కన ఉండే గేరు కొంచెం మొరాయించింది గానీ మూడోసారికి మాట విన్నది. రామతీర్థం వైపు పోనిచ్చాను. రెండు వైపులా కోతకొచ్చిన వరి. అద్దం దించి, ఒక్కదాన్నే, గట్టిగా నవ్వాను. ఇది రాయడానికి సిగ్గేమీ లేదు. ఆ పావుగంట కోసం మళ్ళీ పుట్టమన్నా పుడతాను.

అక్కడితో వెనక్కి తిప్పాల్సింది. సముద్రం కనపడింది, ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటూ తారు రోడ్డు దాటాను. వెనక చక్రాలు ఇసుకలో కూరుకుపోయాయి. ఎంత తొక్కితే అంత లోపలికి దిగాయి.

పిచ్చమ్మ చూసింది. పదిహేనేళ్ళుగా మా ఇంటికి చేపలు తెచ్చే మనిషి. వాళ్ళాయన ముత్యాలయ్యను, పడవల దగ్గరున్న పదిమందిని కేకేసింది. పడవలు ఒడ్డుకు లాగే నీలం తాడు తెచ్చారు. ముంజేతి లావుంటుంది. కిందెక్కడో కట్టి లాగారు. ఎక్కడ కట్టారో నేను చూడలేదు. కారు కదిలేటప్పుడు అడుగున టక్‌మని ఒక చప్పుడు వచ్చింది. కారు బయటపడింది.

"సారుకి నేను చెప్తానా మా? నా నోట్లో నుంచి ఒక్క మాట రాదు" అన్నది పిచ్చమ్మ.

ఫిబ్రవరి 11, ఆదివారం

ఈయన కవరు ఎత్తి చూశారు. "కారు కడిగినావా?"

దుమ్ముగా ఉందని కడిగానన్నాను. మురిసిపోయారు. మధ్యాహ్నం టమోటా పప్పు బాగుందని రెండుసార్లు అన్నారు.

ఫిబ్రవరి 14, బుధవారం

ఇద్దరం కోవూరు వెళ్ళొచ్చాం, కార్లో. గేరు వేసి కదిలించినప్పుడల్లా కింద టక, టక. వేగం అందుకుంటే కాళ్ళ కింద సన్నగా వణుకు. ఇదివరకు లేదు.

"పోయిన నెలే గదా జడ్సన్ క్రాసు మార్చినాడు, కొత్తది, సర్దుకుంటాదిలే" అన్నారు.

ఈ ఇంట్లో ఇరవై ఆరేళ్ళు ఉన్నదానికి క్రాసంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంజను నుంచి వెనక చక్రాల దాకా కారు కడుపు కింద గొట్టం లాంటి షాఫ్టు ఉంటుంది, తిరుగుతూ చక్రాలను తిప్పుతుంది. దాని రెండు కొసల్లో ఉండే కీలు క్రాసు. మనిషికి మోకాలు ఎట్టాగో దీనికి అది అట్టాగ అంటాడు మెకానిక్ జడ్సన్.

కోవూరు దాటాక చెబుదామనుకున్నాను. కోవూరు దాటింది. విడవలూరు రానీ అనుకున్నాను. అదీ వచ్చింది.

ఫిబ్రవరి 15

చెప్పలేదు.

ఫిబ్రవరి 17, శనివారం

చప్పుడు తగ్గిందన్నారు. తగ్గలేదు, ఆయన చెవికి అలవాటయింది. నా చెవికి కావడం లేదు.

ఫిబ్రవరి 21, బుధవారం

కోత మిషను మాట్లాడటానికని ఈయన ఒక్కరే కార్లో వెళ్ళారు. కాలవ గట్టు మీద షాఫ్టు వెనక కొస ఊడి రోడ్డు మీద పడిందట. నిప్పులు రేగేలా ఈడ్చుకుంటూ పోయి, కారు గట్టు అంచున ఆగింది. కాలవకు రెండడుగులట. మోచెయ్యి దోక్కుపోయింది, పెదవి చిట్లింది. ట్రాక్టరు వాళ్ళెవరో ఇంట్లో దించి పోయారు.

పసుపు రాసిన చోటే మళ్ళీ మళ్ళీ రాస్తున్నాను. "భయపడినావా? ఏం కాలేదులే" అని నన్నే ఓదార్చారు.

చచ్చిపోయి ఉండేవారు. నేను నోరు మూసుకున్నందుకు చచ్చిపోయి ఉండేవారు. చప్పుడు నాకు తెలుసు, ఎక్కడిదో తెలుసు, తెలిసీ పొద్దున గుమ్మం దాకా వెళ్ళి సాగనంపాను.

ఫిబ్రవరి 22, గురువారం

జడ్సన్ షెడ్డుకు ఈయనతో పాటు నేనూ వెళ్ళాను. ఎందుకని అడిగితే మోచేతికి కట్టు ఉంది కదా, తోడు అన్నాను.

జడ్సన్‌ది బిట్రగుంట. వాళ్ళ నాన్న అక్కడ రైల్వేలో పనిచేశాడు. రైలింజన్ల పక్కన పెరిగినవాడు. మా మామగారు ఉన్నప్పటి నుంచీ ఈ కారు మీద ఇంకొకరి చెయ్యి పడలేదు. ఏది విప్పినా ముందు రెండు వైపులా చుక్క కొట్టి, మళ్ళీ ఆ చుక్కకు చుక్క కలిపి బిగిస్తాడు. "విప్పేది ఎవడైనా విప్పుతాడమ్మా, ఎట్టుండాదో అట్టా పెట్టేదే పని" అని నాతోనే ఎన్నిసార్లు అన్నాడో. అరవై ఏడేళ్ళు. కళ్ళద్దాలకు కాడ లేదు, దారంతో కట్టుకుంటాడు.

కారు కింద నుంచి షాఫ్టు బయటికి తెచ్చాడు. గొట్టం వంగిపోయి ఉంది. క్రాసును పట్టుకునే చెవి ఒకటి విరిగింది. ఆ ముక్కా, క్రాసు బయటికి రాకుండా ఆపే చిన్న లాకూ రోడ్డు మీద ఎక్కడో పోయాయి.

ఈయన అరిచారు. ఎదురుగా పోలేరయ్య టీ కొట్టు. పొద్దుటి వేళ, పదిహేను మంది ఉన్నారు. అందరూ గ్లాసులు దించి ఇటే చూస్తున్నారు.

"చేతులు పడిపోతే ఇంట్లో కూర్చోవాల జడ్సన్! మనుషుల్ని చంపేదానికి షెడ్డు ఎందుకు తీసుకోనుండావు?"

జడ్సన్ ఎదురు చెబుతాడనుకున్నాను. చెప్పి ఉంటే నాకు బాగుండేది.

"నిజమే సార్" అన్నాడు. "లాకు సరిగ్గా కూర్చోనుండదు. కూర్చుంటే టిక్‌మంటాది. ఆ పొద్దు నేనా టిక్కు ఇన్నానో లేదో ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. నా చేతి తప్పే అయ్యుంటాది."

తన వేళ్ళ వంక చూసుకున్నాడు. అవి ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు.

షాఫ్టు పక్కన పెడుతూ సందులో చుట్టుకున్న నీలం దారప్పోగు ఒకటి పీకి పారేశాడు. "చేపల లారీలు తిరిగే రోడ్డు. యాడ్నో చుట్టుకోనుంటాది." నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఈయన స్కూటరు తీసేలోపు ఆ పోగు ఏరి కొంగున ముడేసుకున్నాను. ఇదిగో, ఈ పేజీలోనే ఉంది. గ్రీజు మరక ఇవతలి పేజీకి కూడా దిగింది.

ఫిబ్రవరి 24, శనివారం

జడ్సన్‌కు అరవై ఏడు. ఇవాళ కాకపోతే ఇంకో ఏడాదికైనా మానేసేవాడే. కళ్ళు కూడా ఆనడం లేదు. లాకు నిజంగానే పడలేదేమో. ఎవరు చూశారు?

పై వాక్యాలు కొట్టేద్దామని పెన్ను ఎత్తాను. కొట్టేయను. నేను ఎలాంటిదాన్నో ఎక్కడో ఒకచోట ఉండాలి.

ఫిబ్రవరి 25

ఎవరో ఇంటికొస్తే ఈయన మళ్ళీ అదే కథ చెప్పారు. నాలుగోసారి. చెప్పిన ప్రతిసారీ కాలవ ఒక అడుగు దగ్గరవుతోంది, జడ్సన్ ఇంకొంచెం ముసలివాడవుతున్నాడు. నేను కాఫీ ఇచ్చి లోపలికి వచ్చేశాను.

ఫిబ్రవరి 27, మంగళవారం

పిచ్చమ్మ మాగ చేపలు తెచ్చింది. తట్ట దించి చేపలు చూపించలేదు, నా మొహం చూసింది.

"జడ్సన్ తాత మా ఇంజను చూడనన్నాడు మా. ముత్యాలయ్య మోసుకొని పోతే, 'నా ఏళ్ళ మీద నాకే నమ్మకం పోయింది, నడి సముద్రంలో ఆగితే నీ ఉసురు నాకు తగులుద్ది, ఇంకెవరి కాడికన్నా పో' అన్నాడంట. పడవ ఒడ్డునే ఉండాది."

నేను చేపలు ఎంచుతున్నట్టు నటించాను.

"పోనీ మా వోళ్ళే వచ్చి చెప్తారు మా. మేమే తాడు కట్టినాం, తెలవక కట్టినాం అని. మమ్మల్ని సారు ఏమంటాడు? నాలుగు తిట్లు తిడతాడు, పడతాం."

వద్దన్నాను. గట్టిగానే అన్నాను. అప్పుడు పిచ్చమ్మ మెల్లగా, కోపం లేకుండా అన్నది:

"అవునులే. ముత్యాలయ్య అడగనే అడిగినాడు గదా."

పదిహేడు రోజుల కింద, ఎక్కడ కట్టారో చూడలేదని ఇందులోనే రాశాను. అబద్ధం. నాకోసం నేను రాసుకునే పుస్తకంలో నాకే అబద్ధం చెప్పుకున్నాను. జరిగింది ఇది. ముత్యాలయ్య తాడు పట్టుకుని, "పడవకైతే యాడ కట్టాల్నో తెలుసు, దీనికి యాడమ్మా?" అన్నాడు. వెనక బంపరుకు కడతానన్నాడు. ఈయన ప్రతి ఆదివారం పాత పంచె గుడ్డతో తుడిచే బంపరు. గీత పడితే తెలిసిపోతుంది. నేను ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని, వంగి, షాఫ్టు చూపించాను. దీనికి కట్టమన్నాను. అక్కడైతే ఎవరికీ కనపడదు.

ముత్యాలయ్య ఆగాడు. "ఇది తిరిగే కడ్డీ గదమ్మా? మా ఇంజనుకూ ఉండాది ఇట్టాంటిది. దానికి మేము తాడు ముడెయ్యం" అన్నాడు.

కట్టమన్నాను. తొందరగా కట్టమన్నాను.

పిచ్చమ్మ తట్ట ఎత్తుకుంటూ ఇంకొక మాట చెప్పింది. వాళ్ళ దగ్గర ఒకరి వల ఇంకొకరి వల్ల చినిగితే, చింపినవాడు వచ్చి ఆ వల కొస పట్టుకుని కూర్చోవాలట. అల్లడం అయ్యేదాకా. ఒడ్డు మీద, అందరూ చూస్తుండగా. ఇంకేమిచ్చినా, ఎన్ని దండాలు పెట్టినా ఒప్పుకోరట.

"సిగ్గుగా ఉండదా?" అన్నాను.

"ఉంటాది. అందుకే గదా కూర్చోబెట్టేది."

మార్చి 1, శుక్రవారం

జడ్సన్ షెడ్డు ఎత్తేస్తున్నాడట. మా కారుకు వేరే షాఫ్టు తెప్పించాడట గానీ, తను ఎక్కించనన్నాడట. ఆదివారం నెల్లూరు నుంచి మనిషి వచ్చి పనిముట్లన్నీ తీసుకుపోతాడట. వాళ్ళ నాన్న బిట్రగుంటలో వాడిన సుత్తి కూడా ఇచ్చేస్తున్నాడట. ఈయనే చెప్పారు, అన్నం తింటూ. "పాపం" అని కూడా అన్నారు.

నాకు ముద్ద దిగలేదు. వారం నుంచీ దిగడం లేదు.

మార్చి 2, శనివారం

మధ్యాహ్నం బస్సెక్కి షెడ్డుకు వెళ్ళాను. జడ్సన్ స్పానర్లన్నీ గోనెసంచి మీద పరిచి, సైజుల వరుసన పేర్చి కిరసనాయిలుతో తుడుస్తున్నాడు. ఎవరికో ఇచ్చేసే సామానును అంత శుభ్రంగా ఎవరు తుడుస్తారు?

స్టూలు వేశాడు. కూర్చోలేదు. నీలం పోగు తీసి అరచేతిలో పెట్టాను. మొత్తం చెప్పాను. పావుగంట, నవ్వు, ఇసుక, బంపరు, ముత్యాలయ్య అడిగిన మాట, నేను చెప్పిన మాట. దేన్నీ తగ్గించలేదు.

పోగును వేళ్ళ మధ్య పెట్టి నలిపాడు. లేచి మూలనున్న విరిగిన షాఫ్టు తెచ్చి నా ముందు పెట్టాడు.

"యాడ కట్టినారు? చూపించండి."

చూపించాను. వంపు ఎక్కడ మొదలయిందో అక్కడే నా వేలు పడింది. తన బొటనవేలితో అక్కడ తడిమాడు, విరిగిన చెవి దాకా తడుముకుంటూ పోయాడు.

"పదిమంది లాగినారు."

"అవునన్నా."

"పడవ తాడుతో."

"అవును."

"పదిమంది లాగితే ఏ లాకూ ఆగదు" అన్నాడు. తర్వాత గొంతు మారింది. "అంటే నేనేసిన లాకు పడింది. నెల రోజులు చప్పుడు లేకుండా తిరిగింది గదా. పడింది. పడిందమ్మా."

కళ్ళద్దాలు తీసేశాడు. ఏడుస్తున్నాడని నాకు వెంటనే అర్థం కాలేదు, కిరసనాయిలు మసి కంట్లో పడిందనుకున్నాను. నేనూ ఏడ్చాను. క్షమించమని అడిగాను.

"పది దినాలమ్మా" అన్నాడు. "గిన్నె మూత పెట్టినా సరిగ్గా పడిందా అని రెండు తూర్లు చూసుకుంటుండా. చొక్కా గుండీ పెట్టుకున్నా అంతే. పది దినాలు."

కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు.

"సారుకి చెప్పినారా?"

"లేదు."

"అయితే నాకు చెప్పి ఏం లాభం? ఆయన అనింది నా చెవిలో కాదు గదా. పోలేరయ్య కొట్టు ముందర అన్నాడు."

పోగు నా చేతిలో తిరిగి పెట్టి, మళ్ళీ స్పానర్లు తుడవసాగాడు. బస్సు వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను. జడ్సన్ తలెత్తలేదు.

మార్చి 3, ఆదివారం

ఆదివారం ఎనిమిదింటికి ఈయన పోలేరయ్య కొట్టు దగ్గర ఉంటారు. అది తెలిసే ఆ వేళకే వెళ్ళాను. రోడ్డుకు అటువైపు బెంచీ మీద ఈయన, ఇటువైపు షెడ్డులో నేను. నన్నింకా చూడలేదు.

"జడ్సన్ అన్నా, కారుకు వేరే షాఫ్టు తెప్పించావు కదా. ఇవాళ క్రాసు ఎక్కించు. ఒక కొస నేను పట్టుకుంటాను."

"బరువుంటాదమ్మా. గ్రీజు."

"ఉండనీ. షెడ్డు లోపల వద్దు, ముందు పెట్టు."

నన్ను ఒక్క క్షణం చూశాడు. బల్లను ఎండలోకి లాగాడు. షాఫ్టు ఒక కొస నా ఒళ్ళో, ఒక కొస బల్ల మీద. వాయిలు చీర తొడ దాకా నల్లబడింది. జడ్సన్ వాళ్ళ నాన్న సుత్తి వెతికి తీశాడు.

ముందు పోలేరయ్య చూశాడు. తర్వాత బెంచీ మొత్తం చూసింది. ఈయన గ్లాసు పెట్టి రోడ్డు దాటి వచ్చారు. వెనకే మిగతావాళ్ళు.

"నువ్వేంది ఈడ? ఏంది ఈ అవతారం? లెయ్, ఇంటికి పో."

ఇన్ని రోజులూ మనసులో ఎన్ని రకాలుగా చెప్పుకున్నానో, అందులో ఒక్క వాక్యమూ నోటికి రాలేదు. వచ్చింది ఇదే:

"దీన్ని విరగ్గొట్టింది నేను. మీరు నాయుడుపేట పోయినప్పుడు కారు నేను నడిపినాను. ఇసకలో దిగబడితే ఈ షాఫ్టుకు తాడు కట్టించింది నేను. వద్దన్నా కట్టించినాను. చప్పుడు నాకు తెలుసు. జడ్సనన్న చేతిలో తప్పేమీ లేదు. అందుకని కొస పట్టుకోనుండా."

అందరికీ వినపడేట్టు చెప్పాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు.

ఈయన మొహం చూడలేకపోయాను, మోచేతి మీది ఎండిన పుండు చూశాను. కొట్టరు, ఎప్పుడూ కొట్టలేదు. తిడతారనుకున్నాను. తిట్టలేదు. "నాయన కారు" అన్నారు, అంతే. అదీ సగంలో ఆగిపోయింది.

జడ్సన్ మా ఇద్దరినీ పట్టించుకోలేదు. క్రాసు చెవుల్లోకి దించి, ఒక్కొక్క దెబ్బ కొలిచినట్టు కొట్టాడు. ఆ దెబ్బలు షాఫ్టు మీదుగా నా మోకాళ్ళకు తగిలాయి. తర్వాత చిన్న లాకు తీశాడు, గోరంత ఉంటుంది. శ్రావణంతో వంచి గాడిలోకి వదలబోతూ ఆగాడు. అందరూ చూస్తున్నారు. "చుక్క చూసి గట్టిగా పట్టుకోండమ్మా" అన్నాడు. పట్టుకున్నాను.

టిక్.

తలెత్తి ఈయన వంక చూశాడు.

"ఇన్నారా సార్?"

రోడ్డు మీద లారీ ఒకటి పోయింది. జడ్సన్ కళ్ళు దించలేదు.

"ఇన్నాను" అన్నారు.

పోలేరయ్య కూడా విన్నానన్నాడు. అడగకపోయినా.

మార్చి 5, మంగళవారం

నెల్లూరు మనిషి వట్టి సంచితో తిరిగిపోయాడట. ముత్యాలయ్య ఇంజను జడ్సన్ బల్ల మీద ఉందని పిచ్చమ్మ చెప్పింది.

ఈయన నాతో మాట్లాడటం లేదు. దేవుడి గూట్లో తాళం చెవి లేదు, జేబులో వేసుకుని తిరుగుతున్నారు. మామగారి ఫొటో పక్కన అది ఉండే చోట దుమ్ము లేని మచ్చ ఒకటి ఉంది.

చీరకు గ్రీజు వదల్లేదు. మధ్యాహ్నం ఆకలేసింది. అన్నం రెండోసారి పెట్టుకున్నాను.